నూట అరవై మూడు సెంటీమీటర్లు

ఆమె బతికున్నన్నాళ్ళూ ఆ వీధిలో ఎవరూ ఆమెను పేరుపెట్టి పిలవలేదు. టేపక్క అనేవారు. మెడలో గొలుసు లేదు గాని టేపు ఉండేది. పొద్దున మొహం కడుక్కుని వేసుకుంటే మళ్ళీ పడుకోబోయే ముందే తీసేది. తండ్రి పోయేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు, తమ్ముడికి పన్నెండు. తల్లి అంతకు ముందే పోయింది. తండ్రి ఆమెకు వదిలి వెళ్ళినవి ఒక కుట్టుమిషను, ఒక కత్తెర, ఒక టేపు, అటక మీద కొలతల పుస్తకాలు, ఈ తమ్ముడు. మొదటి నాలుగూ చెప్పినట్టు వినేవి. చిక్కంతా అయిదోదానితోనే వచ్చింది.

ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. మధ్యలో తలుపు లేని గుమ్మం. కొట్టు నడిమధ్యన ఆరడుగుల కటింగు బల్ల. ఆమె కుట్టేది మగవాళ్ళ బట్టలు. ఆడమనిషి మగవాళ్ళ నడుములు కొలవడమేమిటని మొదట్లో కొందరు గొణిగారు. "గాడిదకి జీను కుట్టాలన్నా కొలత తియ్యాల్సిందే, తిన్నగా నిలబడు" అనేది. నిలబడేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె నోరు మంచిది కాదు. కానీ ఆమె కుట్టిన చొక్కా భుజం మీద ఎలా కూర్చోవాలో అలా కూర్చునేది, అంచేత ఊరు సర్దుకుపోయింది.

తమ్ముడు చెట్లూ చేమల శాస్త్రం చదివి డిగ్రీ పుచ్చుకున్నాడు. మేడమీది వాటాలో ఒక ముసలాయన ఉండేవాడు, అడవిశాఖలో ముప్పై ఏళ్ళు గార్డుగా చేసి దిగినవాడు. అందరికీ ఆయన గార్డు తాత. ఆయన చెప్పిన కబుర్లు విని విని, తానూ అడవిశాఖలోకే వెళ్ళాలని, అయితే గార్డుగా కాదు, ఆఫీసరుగా వెళ్ళాలని పిల్లవాడికి పదిహేనో ఏటనే పట్టుకుంది. అక్క మొదట నవ్వింది. తర్వాత తిట్టింది. ఆ తర్వాత ఎప్పుడో, ఎలాగో, తమ్ముడి కోరిక కాస్తా అక్క పంతమైపోయింది.

ఆ ఉద్యోగానికి కావలసినవి వీధిలో అందరికీ కంఠతా వచ్చు, ఆమె అన్నిసార్లు చెప్పింది గనక. సైన్సు డిగ్రీ ఉండాలి. వయసు ముప్పై రెండు దాటకూడదు. ముందు రాతపరీక్ష. అది గట్టెక్కితే ఒంటి కొలతలు: మగవాడైతే ఎత్తు నూట అరవై మూడు సెంటీమీటర్లకి తగ్గకూడదు, ఊపిరి పీలిస్తే ఛాతీ అయిదు సెంటీమీటర్లు పొంగాలి. అదే పొద్దున నడక: నాలుగు గంటల్లో ఇరవై అయిదు కిలోమీటర్లు. పరుగెత్తితే కుదరదు, నడవాలి. ఆపైన ఇంటర్వ్యూ.

నాలుగుసార్లు రాతపరీక్ష దగ్గరే బోర్లాపడ్డాడు. తప్పిన ప్రతిసారీ వచ్చి అక్క పక్కన కూర్చుని చొక్కాల బొత్తాలకి కాజాలు కుట్టేవాడు. చేతివేళ్ళు సన్నం, పని నాజూకు. "ఆఫీసరుగారు కాజాలు బాగా కుడతారండీ. ప్రభుత్వం వారికి తెలీక గాని, ఆ పరీక్ష పెట్టుంటే ఫస్టున పాసయ్యేవాడు" అనేది వచ్చినవాళ్ళతో. నవ్వినవాళ్ళు నవ్వేవారు. అతను దారం కొరుక్కునేవాడు.

అయిదోసారి రాతపరీక్ష పాసయ్యాడు. మరో నాలుగు నెలల్లో ముప్పై రెండు నిండుతాయి. ఇక ఇదే ఆఖరు.

లిస్టులో నంబరు చూసిన రోజే గుమ్మానికి ఆనించి నిలబెట్టింది. టేపు పొడవు నూట యాభై కనక, గుమ్మం చెక్క మీద అక్కడికి ఒక గీత గీసి, దానిమీంచి మళ్ళీ పదమూడు కొలిచి ఇంకో గీత గీసింది. తల మీద స్కేలు అడ్డంగా పెట్టి చూసింది. గీతకీ స్కేలుకీ మధ్య ఆమె చిటికెన వేలు దూరింది.

"నూట అరవై రెండుంపావు" అంది. "వంగావేంరా?"

"వంగలేదక్కా."

"మళ్ళీ నిలబడు."

నాలుగుసార్లు కొలిచింది. నాలుగుసార్లూ అంతే.

"ఆస్పత్రిలో కర్ర ఉంటుందిగా, వెళ్ళి ఓసారి కొలిపించుకొస్తాను" అన్నాడు తమ్ముడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా టేపుకన్నా ఆస్పత్రి కర్ర ఎక్కువైందట్రా నీకు? నాన్న చేతిలో టేపురా ఇది. దీంతో కొలిచి కుట్టిన చొక్కా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, బిగుతనో వదులనో తిరిగొచ్చిందా? వెళ్ళు. ఊళ్ళో ఇంకెవరన్నా కొలిస్తే పెరుగుతావేమో కొలిపించుకో."

అతను వెళ్ళలేదు. అక్కతో వాదించి నెగ్గడం అతనికి పన్నెండో ఏటినుంచీ అలవాటు లేదు.

దారి చూపించింది గార్డు తాత. "మనిషి పొద్దున లేచినప్పుడు ఓ వేలు పొడుగుంటాడమ్మాయ్. సాయంత్రానికి కుంగుతాడు. నిలబడ్డంలోనే ఉంది నష్టమంతా. నా రోజుల్లో ఒకడు కొలతకి బండిలో పడుకునే వచ్చాడు. పాసయ్యాడు కూడాను."

మర్నాడు తెల్లవారుతూండగానే తమ్ముణ్ణి పక్క మీంచి లేపి గుమ్మానికి ఆనించింది. తాత చెప్పింది నిజం. గీతకి నూలుపోగంత పైకి వచ్చాడు. అరగంట తిరిగితే మళ్ళీ కిందికి జారాడు.

"మీవాడు ఎన్నాళ్ళు పడుకున్నాడు తాతగారూ?"

"ఎన్నాళ్ళేమిటి, ఒక్క రాత్రి."

"ఒక్క రాత్రికే పాసైతే మూడు రోజులకి ఢోకా ఉండదు" అంది ఆమె.

"అమ్మాయ్, నడక కూడా ఉంది" అన్నాడు తాత. "కాళ్ళు..."

"ముందు గేటు దాటాలి గదండీ. ఎత్తే లేకపోతే కాళ్ళెందుకు, తలకింద పెట్టుకోనా?"

తమ్ముడు కూడా అన్నాడు. ఆరు నెలలుగా రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తున్నాడు. ఇరవై అయిదు కిలోమీటర్లు మూడుగంటల యాభై నిమిషాల్లో వస్తున్నాయి. చేతిలో ఉన్నది పది నిమిషాలే. "మూడు రోజులు కదలకపోతే పిక్కలు బిగుసుకుపోతాయక్కా. ఒక్క రోజు చాలు."

"వెంట్రుకవాసిలో పోతే నువ్వేడవవు, నేనేడుస్తాను. పడుకో."

పడుకున్నాడు. మంచం కుంగుతుందని కటింగు బల్ల మీద పడుకోబెట్టింది. మూడు రోజులూ గుడ్డ నేలమీద పరుచుకుని కత్తిరించింది. తిండి పక్కకి తిరిగి తినాలి. పెరట్లోకి వెళ్ళాల్సొస్తే వంగి, గోడ పట్టుకుని, గబగబా వెళ్ళి రావాలి. ఆమె వాకిట్లో నిలబడి అంకెలు లెక్కపెట్టేది. రెండోరోజు పంట్లాం తీసుకుపోదామని వచ్చిన ఒక పెద్దమనిషి బల్ల మీద మనిషిని చూసి చెప్పులు విడిచాడు.

"అయ్యయ్యో! ఎప్పుడు పోయాడమ్మా?"

"పోలేదండీ, పెరుగుతున్నాడు" అంది టేపక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకుని.

ఆ మాట వీధంతా పాకింది. పిల్లలు కిటికీలోంచి తొంగిచూసి "ఎంతదాకా పెరిగావు మావయ్యా?" అని అరిచి పారిపోయేవారు. అతను పైకప్పు చూస్తూ కాలివేళ్ళు ఆడించుకునేవాడు. అది కూడా చూసి, "ఊరికే ఒళ్ళు అలవకుండా ఉంచు" అనేది.

నాలుగో రోజు పొద్దున వ్యాను మాట్లాడింది. బల్లపలకను అతనితో సహా నలుగురు ఎత్తి వ్యానులో పెట్టారు. మైదానం గేటు దగ్గర మూడువందల మంది కుర్రాళ్ళు ఒంటికాలి మీద గెంతుతూ, పిక్కలు రుద్దుకుంటూ ఉంటే, మధ్యలోంచి ఈ ఊరేగింపు.

"దారివ్వండ్రా, ఆఫీసరుగారు పల్లకీలో వేంచేస్తున్నారు!"

"పల్లకీ కాదురా, అది తిరిగిరాని బండి!"

గేటు దగ్గరి జవాను చెయ్యి అడ్డం పెట్టాడు. "రోగుల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళండమ్మా."

"రోగం నీ కళ్ళకి. అభ్యర్థి" అంది. తమ్ముడు లేచి నిలబడ్డాడు. హాల్‌టికెట్టు చూపించి, కొంచెం కుంటుతూ లోపలికి వెళ్ళాడు. "వంగకు!" అని వెనకనుంచి అరిచింది.

లోపలికి వేరేవాళ్ళని రానివ్వరు. గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది. కొలతల్లో పోయినవాళ్ళు ఒక్కొక్కళ్ళే తల వంచుకుని బయటికి వచ్చేస్తున్నారు. ఏడుకి నడక మొదలయ్యేదాకా అతను రాలేదు. అంటే ఎత్తు ఆనిందన్నమాట. ఆమె కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇరవై ఏళ్ళలో ఎవరూ చూడనివి, జవాను చూశాడు. రోడ్డుమీదికి వచ్చిన గుంపులో తమ్ముడు నాలుగో వరసలో, ఛాతీ మీద నంబరు కట్టుకుని, తలెత్తి నడుస్తున్నాడు. ఆమె వంక చూడలేదు.

గేటు ఎదురుగానే ముగింపు. అడ్డంగా తాడు కట్టారు. బల్ల వేసుకుని ఒక అధికారి గడియారం ముందుంచుకుని కూర్చున్నాడు. పదింపావుకల్లా మొదటివాళ్ళు వచ్చేశారు. పదిన్నరకి గుంపులు గుంపులు. పదీ యాభై అయిదుకి ఒకళ్ళిద్దరు, నురగలు కక్కుతూ. పదకొండు కొట్టగానే అధికారి ఈల వేశాడు. ఇద్దరు జవాన్లు తాడు విప్పి చుట్టడం మొదలుపెట్టారు.

తాడు చుట్టడం పూర్తవుతూండగా మలుపు దగ్గర కనపడ్డాడు. ఎడంకాలు కొయ్యలా బిగుసుకుంది. చేత్తో తొడ పట్టి ఎత్తి ముందుకి వేసుకుంటున్నాడు. ఇక నడవక్కర్లేదని ఎవరో చెప్పినా ఆగకుండా వచ్చి, తాడు ఉండాల్సిన చోటు దాటి, అప్పుడు కూలబడ్డాడు. అధికారి గడియారం చూసి, రాసుకుని, "నాలుగు గంటల ఆరు" అన్నాడు. కాగితం మడిచాడు.

టేపక్క వచ్చి తమ్ముడి నెత్తిన నిలబడింది. నీళ్ళ సీసా చేతిలోనే ఉంది, ఇవ్వలేదు.

"ఆరు నిమిషాలు! పెంటమీద కుక్క కూడా నీకన్నా ముందొస్తుంది గదరా."

అతను ఎగపోస్తున్నాడు.

"ఎత్తు ఎంతొచ్చింది?"

అతను తలెత్తి ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా రెప్ప వేయలేదు.

"నూట అరవై మూడు. సరిగ్గా ఆనింది."

"చూశావా! నా మాట వినకపోతే ఆ గేటు దగ్గరే పోయేవాడివి. కాగితం ఏదన్నా ఇచ్చారా?"

"ఏమీ ఇవ్వలేదు."

ఆ తర్వాత ఏడాదిపాటు ఆ కొట్టులో అదే కథ. "ఎత్తు నేనిచ్చానండీ, దేవుడివ్వని ఎత్తు నేనిచ్చాను. కాళ్ళు కూడా నేనే ఇవ్వాలా?" అనేది. కొత్తవాళ్ళొస్తే మొదటినుంచీ చెప్పేది: చిటికెన వేలు దూరడం, బల్ల, మూడు రోజులు, నూట అరవై మూడుకి సరిగ్గా ఆనడం. తమ్ముడు మూలన కూర్చుని కాజాలు కుడుతూ వినేవాడు. చిత్రమేమిటంటే ఒక్కోసారి ఆమె మరిచిపోతే అతనే అందించేవాడు. "అక్కా, వీరికి నా ఎత్తు సంగతి చెప్పలేదు" అనేవాడు. ఆమె చెప్పేది. ఎంత చవట అయినా తప్పు ఒప్పుకునే గుణముందిలే అనుకునేది.

మళ్ళీ ఏడు ఒక మధ్యాహ్నం గార్డు తాత మెట్లు దిగి వచ్చాడు.

"ఏమ్మాయ్, మనవాడి దరఖాస్తు వెళ్ళిందా? ఇవాళ సాయంత్రం అయిదుతో సరి."

"ఏం దరఖాస్తు?"

"అదేంటి! కిందటిసారి పరీక్ష ఆలస్యంగా పెట్టారుగా, అప్పుడు రాసినవాళ్ళకి వయసు ఒక్క ఏడాది సడలించారు. పది రోజులైంది. నేనే పేపరు తెచ్చి చూపించాను వాడికి. నీకు చెప్పలేదూ?"

తమ్ముడు బజారుకి వెళ్ళాడు. ఆమె లేచి గడియారం చూసింది. రెండున్నర. బద్ధకం, ఇదీ వీడి బద్ధకమే అనుకుంటూ వెనకగదిలోకి వెళ్ళి, మంచం కింది రేకుపెట్టె లాగి, దరఖాస్తుకి కావలసిన సర్టిఫికెట్లు ఏరసాగింది. డిగ్రీది, పుట్టినతేదీది. వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం, మీద గుండ్రటి ముద్ర, నడక అయిన వారానికి వేసిన తేదీ. నంబరు, ఛాతీ, నడక నాలుగు గంటల ఆరు నిమిషాలు. ఎత్తు: నూట అరవై అయిదు.

తప్పు రాశారనుకుంది. తమ్ముడు చెప్పింది అరవై మూడు గదా అనుకుంది. మూడు రోజులు పడుకున్నా అంత పెరగడు మనిషి అని కూడా అనుకుంది. అక్కడినుంచి ఇక అనుకోవడం మానేసి, ఎదురు కొట్టు వడ్రంగిని ఇనపటేపు పట్టుకు రమ్మంది. అతను గుమ్మం చెక్క మీద మొదటి గీతకి టేపు పెట్టాడు. నూట యాభై అని ఆమె రాసుకున్న చోట నూట యాభై ఒకటిన్నర ఉంది.

"నీ టేపు సాగిందక్కా" అన్నాడు వడ్రంగి. "ఎన్నేళ్ళనాటిది? గుడ్డటేపు సాగుతుంది."

"సాగితే నేను కుట్టిన చొక్కాలు తప్పాలిగా?"

"ఎందుకు తప్పుతాయి? మనిషినీ దాంతోనే కొలిచావు, గుడ్డనీ దాంతోనే కొలిచావు. దొంగా వాడే, సాక్షీ వాడే. ఇక కేసెక్కడిది?" అని నవ్వి, ఆమె మొహం చూసి ఆగిపోయి, ఇనపటేపు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

తమ్ముడు వచ్చేసరికి ఆమె గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. "నిలబడు" అంది. అతను ఇనపటేపు చూశాడు, ఒళ్ళో కాగితం చూశాడు. చెక్కకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎండలో తిరిగి వచ్చిన మనిషి, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, నూట అరవై మూడుకి పైన దాదాపు ఒక సెంటీమీటరు ఎక్కువే ఉన్నాడు. ఏ రోజు, ఏ పూట కొలిచినా పాసయ్యే మనిషి.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మైదానంలో కొలతకి నిలబెట్టినప్పుడే. నూట అరవై అయిదు అన్నాడు కొలిచినాయన. తప్పేమోనని మళ్ళీ కొలవమన్నాను. అంతే వచ్చింది. అది వింటూ నడిచాను ఇరవై అయిదు కిలోమీటర్లు."

"నాకెందుకు చెప్పలేదురా?"

అతను చొక్కా సర్దుకుని మూలన తన చోట కూర్చున్నాడు. సూదిలోకి దారం ఎక్కించాడు.

"చెప్తే ఏమయ్యేది? నాలుగు రోజులు ఏడ్చేదానివి, నేను ఊరుకోబెట్టేవాణ్ణి. చెప్పకపోతే నువ్వే రోజూ నలుగురికీ చెప్పుకున్నావు. వినడానికి బాగుండేది."

ఆమె సర్టిఫికెట్లు తెచ్చి అతని ముందు పెట్టింది. "సరే. నన్ను చంపెయ్యి. తర్వాత చంపుదువుగాని. ముందు దరఖాస్తు పెట్టు. ఇంకా టైముంది. ఈసారి పడుకోనక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు" అంది.

"నాకు కాళ్ళు లేవుగా. కుక్క కూడా ముందొస్తుందిగా."

"పొరపాటన్నాను."

"ఎన్నిసార్లన్నావు?"

ఆమె సర్టిఫికెట్లు పట్టుకుని పక్కనున్న నెట్ సెంటరుకి పరుగెత్తింది. ఆఖరి రోజు గనక సైటు తెరుచుకునేసరికే నాలుగు దాటింది. సెంటరాయన కిందటేటి రిజిస్ట్రేషను తీశాడు. వివరాలన్నీ ఉన్నాయి, ఒక్క నొక్కు నొక్కితే వెళ్ళిపోతుంది. "మీ తమ్ముడి ఫోనుకి ఆరంకెలు వస్తాయక్కా, అవి చెప్పండి చాలు. రెండు నిమిషాలే ఉంటుంది, తొందరగా" అన్నాడు.

ఆమె వచ్చేసరికి ఫోను మోగింది. అతను తీసి చూశాడు. చదివాడు. పెదవులు కదిలాయి కూడా. ఫోను బోర్లించి తొడకింద పెట్టుకున్నాడు.

గోడవతలనుంచి సెంటరాయన, "అక్కా, వచ్చిందా?"

"చెప్పరా."

అతను కాజా చుట్టూ కుట్టు తిప్పుతున్నాడు.

"టైమైపోయిందక్కా, మళ్ళీ పంపిస్తున్నా!"

మళ్ళీ మోగింది. మళ్ళీ తీసి చదివాడు. ఈసారి ఆమె వంగి అతని కాళ్ళు పట్టుకుంది, పన్నెండేళ్ళ పిల్లవాడప్పుడు ముల్లు గుచ్చుకుంటే తీసిన కాళ్ళే. అతను కాళ్ళు లాక్కుని స్టూలు మీద పెట్టుకున్నాడు.

"గుడ్డ నలుగుతుందక్కా, లే."

ఫోను లాక్కోబోయింది. అతను లేచి నిలబడి చెయ్యి పైకెత్తాడు. ఆమెకు అందనంత ఎత్తు.

అంకెలు మూడోసారి కూడా తప్పాక ఒక గంట దాకా సైటు తెరవదని సెంటరాయన గోడవతలనుంచి చెప్పాడు. అప్పటికి నాలుగున్నర. గోడ గడియారం కింద ఆమె నేలమీదే కూర్చుండిపోయింది. అయిదయ్యాక సెంటరాయన తనే వచ్చి సర్టిఫికెట్లు బల్లమీద పెట్టాడు.

"మూసేశారక్కా. వచ్చే ఏడు చూద్దాం లెండి."

"వచ్చే ఏటికి నాకు ముప్పై మూడు దాటిపోతాయండీ" అన్నాడు తమ్ముడు మర్యాదగా. చివరి కాజా ముడి వేసి, చొక్కా దులిపి వంకెకి తగిలించాడు. చెప్పులు వేసుకుని, "కాలవగట్టు దాకా నడిచొస్తాను" అని వెళ్ళాడు.

ఆమె వాకిట్లోకి వచ్చి చూసింది. వీధి పొడుగునా, అడుగు తప్పకుండా, మడమ ముందు ఆనించి, భుజాలు కదలకుండా వెళుతున్నాడు. సైకిలు మీద పోతున్న ఒకతను పక్కకి తప్పుకున్నాడు.

మేడమీద పిట్టగోడ దగ్గర గార్డు తాత నిలబడి చూస్తున్నాడు.

"అమ్మాయ్! మీవాడు భలే నడుస్తున్నాడే! ఈసారి వాణ్ణి ఆపేవాడు లేడు. దరఖాస్తు పెట్టేశారుగా?"

ఆమె తలెత్తి ఆయన వంక చూసింది.

"పెట్టేశాం తాతగారూ" అంది.